తాండూరు పదిహేను నిమిషాలు

నా సర్వీసులో నేను సంతకం పెట్టిన రిపోర్టులు ఎన్నో నాకే గుర్తులేదు. ఇప్పుడు కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవంలో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఏదో పెద్ద వైరస్ కథ వస్తుందని చెవులు రిక్కిస్తారు. నేను మాత్రం తాండూరు పదిహేను నిమిషాల సంగతి చెబుతాను. దీన్ని నా విజయం కిందే చెబుతాను, మొహమాటమేమీ లేదు. కాకపోతే ఆ గెలుపు దాకా పోవాలంటే ముందు నా తెలివితక్కువతనం గుండా పోవాలి. వేరే దారి లేదు.

నేను పనిచేసింది ఒక రైతు సంఘంలో. హెడ్డాఫీసు వికారాబాద్. తాండూరులో పెద్ద బ్రాంచి, అక్కడ ఆరు కంప్యూటర్లు. ధారూర్, పూడూరు, బంట్వారంలో ఒక్కో గది, గదికో కంప్యూటర్. సభ్యులైన రైతుల పేర్లు, ఎవరు ఎంత భూమిలో ఏం వేస్తున్నారు, ఎవరికి ఎంత విత్తనం కావాలి అన్న జాబితాలు తయారు చేయడం, వానలు పడే నాటికి ఆ విత్తనం వాళ్లకు అందించడం సంఘం పని. నన్ను 'సిస్టమ్స్ ఇన్‌చార్జి' అనేవారు. పేరు ఘనంగానే ఉంది కానీ, ఎక్కడ కంప్యూటర్ ఆగిపోతే అక్కడికి బ్రష్షు పట్టుకుని పరుగెత్తడమే నా ఉద్యోగం. తాండూరు మిషన్లు మరీను. అక్కడ నాపరాళ్లు పాలిష్ చేసే దుమ్ము ఊరంతా లేస్తుంది, మూత తీస్తే లోపల ముగ్గుపిండి పోసినట్టు ఉండేది.

యాభై దాటాక నాకు స్క్రిప్టుల పిచ్చి పట్టింది. స్క్రిప్టు అంటే మరేం లేదు, మనం చేత్తో చేసే పనిని నాలుగు వరుసల్లో రాసి కంప్యూటర్‌కు అప్పజెప్పడం. ప్రతి కంప్యూటరూ తనలో జరిగింది ఎప్పటికప్పుడు ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఉన్నట్టుండి ఆగింది, ఎవరు తమ పాస్‌వర్డుతో లోపలికి వచ్చారు, ఎప్పుడు బయటికి పోయారు, అన్నీ. దాన్నే ఈవెంట్ లాగ్ అంటాం. అంతకుముందు ఆ చిట్టా చూడాలంటే నేను రైలెక్కి తాండూరో, బస్సెక్కి బంట్వారమో పోవాలి. నా స్క్రిప్టు వచ్చాక ప్రతి కంప్యూటర్ పొద్దున, సాయంత్రం తన చిట్టాను ఒక కాగితంలా రాసి, వికారాబాద్‌లో ఉన్న సర్వర్‌లోకి పంపేది. నేను కూర్చున్న చోటి నుంచే నాలుగు ఊళ్ల పని చేస్తున్నానని గొప్పలు పోయేవాణ్ని.

నా పక్క సీటులో ఒక మేడమ్ ఉండేది. టైపు మిషన్ రోజుల నుంచి ఉన్న మనిషి, నాకంటే రెండేళ్లు సీనియరు. నా గొప్పలు వినీ వినీ ఒకరోజు, "మీరు రాసింది నాలుగు లైన్లు, చెప్పింది నలభై మందికి" అంది. నాకు కోపం వచ్చింది కానీ, చెప్పిన మందిని మనసులో లెక్కేసుకుంటే నలభై దాటారు. అందుకని ఊరుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. జూన్ మధ్యలో ఒక మంగళవారం పొద్దున బంట్వారం మండలం రైతుల జాబితా మొత్తం మాయమైంది. నాలుగు వందల పైచిలుకు పేర్లు. కంది విత్తనం లారీ ఆ వారంలోనే రావాలి. మా పాత సాఫ్ట్‌వేర్ ఎవరు తుడిచారో రాసుకునేది కాదు, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు తుడిచారో మాత్రం వికారాబాద్ సర్వర్‌లో రాసి పెట్టేది. చూస్తే, సోమవారం సాయంత్రం ఐదు గంటల పన్నెండు నిమిషాలకు, తాండూరు మూడో నంబరు కంప్యూటర్ నుంచి.

జాబితా పోయినందుకు నేను పెద్దగా కంగారు పడలేదు. శనివారం తీసి పెట్టిన కాపీ నా దగ్గర ఉంది, దాన్ని వెనక్కి పెట్టి, సోమవారం ఎక్కించిన పేర్లు మాత్రం ఫారాలు చూసి మళ్లీ కొట్టించాను. విత్తనం టైముకే పోయింది. కానీ తుడిచింది ఎవరు అన్నది మిగిలింది. తాండూరు మూడో నంబరుకు ప్రింటర్ తగిలించి ఉండేది కాబట్టి అవసరం పడ్డవాళ్లంతా దాని ముందు కూర్చునేవారు, ఎవరి పాస్‌వర్డుతో వాళ్లు. సంఘం అధ్యక్షుడు నన్ను పిలిచి, "ఆ టైముల ఆ కుర్చీల ఎవలున్నరో తీసి చెప్పు" అన్నాడు. ఆయన ధారూర్ వైపు పెద్ద రైతు. కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు గానీ, మనిషి ముఖం చూసి సంగతి పట్టేవాడు.

నాకు పది నిమిషాల పని. సర్వర్‌లో పడి ఉన్న తాండూరు మూడో నంబరు కాగితం తెరిచాను. ఆపరేటర్‌గా పనిచేసే ఒక అమ్మాయి నాలుగూ యాభైకి లోపలికి వచ్చి, ఐదూ ఇరవైకి బయటికి పోయినట్టు ఉంది. ఆమె తర్వాత ఐదూ ఇరవై ఐదుకు బ్రాంచి మేనేజర్ వచ్చాడు. జాబితా పోయింది ఐదూ పన్నెండుకు. ఇంకేముంది? రిపోర్టు టైపు చేశాను. కింద సంతకం పెట్టాను. మేడమ్‌కు చూపించి, "చూసిండ్రా, పది నిమిషాలు" అన్నాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆ అమ్మాయిది బంట్వారం, మెట్టినిల్లు తాండూరు. కాంట్రాక్టు మీద మూడేళ్లుగా పనిచేస్తోంది. పర్మినెంట్ చేయలేదన్న కోపంతో కావాలనే తుడిచిందని తాండూరు మేనేజర్ రాసి పంపాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మే రాశాడు. నా రిపోర్టు ఆయన నమ్మకానికి ముద్ర వేసింది. ఆమెను పనిలోకి రావద్దన్నారు. వారం తర్వాత వికారాబాద్‌లో జరిగే సంఘం మీటింగులో సంజాయిషీ చెప్పుకోమన్నారు. అది సరిపోకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం ఒక్కటే అయితే మరొకటి వెతుక్కునేదేమో, కానీ తను పుట్టిన మండలం రైతుల పేర్లు తనే తుడిచిందన్న మాట ఆమె మీద పడింది.

మూడో రోజు ఆమె వికారాబాద్ వచ్చింది. పొద్దుటి బండి దిగి నేరుగా నా టేబుల్ దగ్గరికే. చేతిలో నా రిపోర్టు జిరాక్సు.

"సార్, గీ సంతకం మీదేనా?"

"నాదే."

"గిండ్ల నేను ఐదూ ఇరవై దాంక కుర్చీల ఉన్నట్టు రాసిండ్రు."

"నేను రాయలేదమ్మా. కంప్యూటరే రాసుకున్నది. నేను తీసి పెట్టిన, గంతే."

"నా బిడ్డ స్కూలు బస్సు ఐదుంబావుకు మా సందు మొగదల ఆగుతది సార్. అందుకే ఐదు దాటంగనే పోత అని పర్మిషన్ తీసుకున్న. ఆ దినం గూడ బిడ్డను నేనే దింపుకున్న. బస్సు డ్రైవర్‌ను అడుగుండ్రి. ఐదుంబావుకు నేను బస్సు కాడ ఉన్ననా, కుర్చీల ఉన్ననా?"

నేను ఆ రోజు ఇచ్చిన జవాబు మీకు దాచకుండా చెబుతున్నాను. "మనుషుల టైము జర అటు ఇటు అయితదమ్మా. కంప్యూటర్ టైము ఇంటర్నెట్ నుంచి వస్తది. సెకను గూడ తప్పది" అన్నాను.

ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. జిరాక్సు నాలుగు మడతలు పెట్టింది.

"నన్ను మస్తు మంది అడిగిండ్రు సార్. మీ కంప్యూటర్‌నే ఇంకొకసారి అడుగుండ్రి" అని వెళ్లిపోయింది.

మేడమ్ అంతా వింటోంది. నా వైపు తిరగకుండానే, "అబద్ధం చెప్పేదైతే తాండూరులనే చెప్పేది. చిన్న పిల్లను ఇంట్ల విడిచిపెట్టి రైలెక్కి ఇంత దూరం ఎందుకొస్తది?" అంది.

నేను రెండోసారి అడిగింది ఆ అమ్మాయి మీద జాలితో కాదు. మేడమ్ నోరు మూయించాలని. నా మాటే నిజమని మరోసారి రుజువు చేసి ఆ కాగితం ఆమె టేబుల్ మీద పెట్టాలని. పాత కాగితాన్నే మళ్లీ చూపిస్తే బాగుండదు కాబట్టి, కొత్త స్క్రిప్టు రాశాను. పాతది తాండూరు కంప్యూటర్ తన దగ్గరే రాసి పంపిన కాగితం. కొత్తది అలా కాదు, నా వికారాబాద్ కంప్యూటరే నెట్‌వర్క్ మీద తాండూరు దాకా పోయి, ఆ చిట్టాను అక్కడికక్కడే చదివి, నా ముందు పెడుతుంది.

జవాబు వచ్చింది. ఆ అమ్మాయి లోపలికి వచ్చింది నాలుగూ ముప్పై ఐదు. బయటికి పోయింది ఐదూ ఐదు. మేనేజర్ వచ్చింది ఐదూ పది.

నా స్క్రిప్టే తప్పనుకున్నాను. చిట్టాలో ప్రతి సంగతికీ ఒక వరుస నంబరు ఉంటుంది. పాత కాగితం పక్కన పెట్టి చూశాను. అవే నంబర్లు, అవే పేర్లు, అదే వరుస. టైము మాత్రం ప్రతిచోటా సరిగ్గా పదిహేను నిమిషాలు తేడా. సెకన్లు కూడా కలుస్తున్నాయి. ధారూర్ చూశాను, తేడా లేదు. పూడూరు లేదు, బంట్వారం లేదు. ఒక్క తాండూరులోనే, అదీ ఆరు కంప్యూటర్లలోనూ. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. పాడైన గడియారమైతే ఒకటి మూడు నిమిషాలు, ఒకటి ఎనిమిది నిమిషాలు పోవాలి. ఆరూ కూడబలుక్కున్నట్టు పావుగంట ఎలా ముందుకు పోతాయి?

చివరికి తాండూరుకు ఫోన్ చేశాను. విత్తనాల స్టాకు చూసే పెద్ద గుమాస్తా ఎత్తాడు. ముప్పై ఏళ్లుగా వికారాబాద్ నుంచి తాండూరుకు రోజూ రైల్లో పోయి వచ్చే మనిషి.

"మీ కంప్యూటర్ల ఇప్పుడు టైమెంత చూపిస్తున్నది?" అన్నాను.

"అందరికి ఎంతో మాకు గంతే సార్" అన్నాడు.

తాండూరు ఆఫీసు మనుషులు ఎంత అడిగితే అంతకు రెండింతలు చెప్పేవాళ్లే గానీ, ఇలా నసిగేవాళ్లు కారు. మర్నాడు బ్రష్షు సంచిలో వేసుకుని, దుమ్ము దులపడానికన్న వంక మీద మధ్యాహ్నం బండెక్కాను.

మేనేజర్ ఆ రోజు ఊళ్లమీద పోయాడు. మిగతావాళ్లు నన్ను చూసి చాయ్ తెప్పించారు, కుర్చీ దులిపారు, మర్యాదకు తక్కువ లేదు. అందరూ ఎప్పటికంటే ఎక్కువ పనిచేస్తున్నట్టు కనిపించారు. నేను మూడో నంబరు ముందు కూర్చున్నాను. కంప్యూటర్ మూలన ఉన్న టైమూ, గోడ గడియారమూ చూశాను. రెండూ నిమిషం తేడా లేకుండా కలిశాయి. నా అనుమానం అక్కడే చల్లబడింది. నేను వాచీ పెట్టుకోను, ఫోను సంచిలో ఉంది.

గోడ గడియారం ఐదున్నర చూపించింది. నలుగురూ ఒక్కసారే లేచారు. టిఫిన్ డబ్బాలు సంచుల్లోకి పోయాయి, జిప్పులు పడ్డాయి, ఒకాయన చెప్పులు కూడా వేసుకున్నాడు. నేనూ లేచి, బండి ఎన్నింటికో చూద్దామని ఫోను తీశాను. ఫోనులో ఐదుంబావు.

నేను గోడ చూశాను, ఫోను చూశాను, కంప్యూటర్ చూశాను. మళ్లీ కూర్చున్నాను. మూలన ఉన్న టైము మీద నొక్కి, ఈ కంప్యూటర్ ఏ ఊరి టైములో నడుస్తోందో చూశాను. కాఠ్మండు అని ఉంది. అంటే నేపాల్ టైము, మనకంటే సరిగ్గా పావుగంట ముందు.

ఆ క్షణంలో నా ఒంట్లోకి వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. చిట్టా లోపల ఉండేది ప్రపంచమంతటికీ ఒకటే టైము, చదివే కంప్యూటర్ దాన్ని తన ఊరి టైములోకి మార్చి చూపిస్తుంది; పాత కాగితాన్ని తాండూరు కంప్యూటర్ నేపాల్ టైములో రాసింది, కొత్తదాన్ని నా వికారాబాద్ కంప్యూటర్ మన టైములో చదివింది. ఆ అమ్మాయి బస్సు దగ్గరే ఉంది. ఐదుంబావుకు ఎక్కడ ఉన్నానని చెప్పిందో అక్కడే ఉంది. పైకి మాత్రం గట్టిగానే అడిగాను.

"ఎవరు చేసిండ్రు ఇది?"

గుమాస్తా భుజం మీది సంచి కిందపెట్టాడు. మిగతావాళ్లు గుమ్మంలో ఆగిపోయారు.

"నేనే సార్. ఐదున్నరకు ఆఫీసు మూస్తే స్టేషన్‌కు పోయేవరకే బండి ఎల్లిపోతది. ఇంకో బండికి ఇల్లు చేరుడు మస్తు ఆలస్యమైతది. అందుకే గోడ గడియారం పావుగంట ముందుకు పెట్టుకున్నం. ఎన్నో ఏండ్ల సంది గట్లనే నడుస్తున్నది. కంప్యూటర్లు వచ్చినంక వాటిని గూడ ముందుకు జరిపిన. కానీ అవి మొండియి సార్, ఇంటర్నెట్ రాంగనే మల్ల ఎనకకు పోతుండె. ఆఖరికి ఊర్ల పేర్ల పట్టీ దొరికింది. మన ఊర్ల కిందనే ఉన్నది. ఒక్కొక్కటి పెట్టి చూసిన. గీ ఒక్కటి సరిగ్గ పావుగంట ముందున్నది. ఇంటర్నెట్ వచ్చినా కదలది."

"కాఠ్మండు ఎక్కడుందో తెలుసా?"

"తెల్వది సార్. మా బండికైతే మంచిగ సరిపోయింది."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కోపం కూడా వచ్చింది. "ఆ అమ్మాయిని పంపించేసినప్పుడు ఈ ముక్క ఒక్కరన్నా ఎందుకు చెప్పలేదు?"

"గడియారానికి, ఆమె కేసుకు సంబంధమున్నదని మాకేం తెల్సు సార్? మీరు కాయితం తీసి పెట్టిండ్రు. మీరే తీసిండ్రంటే ఇగ నిజమే అనుకున్నం."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నా రిపోర్టును వాళ్లు నాకంటే ఎక్కువ నమ్మారు. ఆమె చెప్పకపోవడానికీ కారణం అదే. ఆఫీసు టైము ముందుంటుందని ఆమెకూ తెలుసు, కానీ ఇంటికి పోవడానికి ఫోను చూసుకునేది. కంప్యూటర్ తన టైము రాసుకుని నాకు పంపుతోందని ఆమెకెలా తెలుస్తుంది?

ఈ సంగతి మీటింగులో చెప్పాల్సి వస్తుందని అన్నాను. అందరూ పావుగంట ముందే ఆఫీసు మూసి పోతున్నారన్న మాట బయటికి వస్తుంది. గుమ్మంలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమాస్తా ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"చెప్పుండ్రి సార్. మా నెత్తి మీదికి వస్తే రానియ్యుండ్రి. మేం బండెక్కుతందుకు చేసిన పనికి ఆ పిల్ల నౌకరి పోవద్దు" అన్నాడు. ఆ సాయంత్రం నాతో మాట్లాడుతూ తన బండి తప్పిపోతున్నా చూసుకోలేదు. మీటింగు అయ్యేదాకా టైము మార్చవద్దని, కాఠ్మండులోనే ఉంచమని చెప్పి వచ్చాను.

ఇక మేనేజర్ సంగతి. నిజం టైము ప్రకారం జాబితా పోయినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. నలుగురి ముందు ఒక్కసారిగా పేరు చదివి ఆయన్ను నిలబెట్టడం నాకు నచ్చలేదు. మీటింగు రోజు పొద్దున మెట్ల మీదే పట్టుకుని, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. రెండుసార్లు చదివాడు. కాగితాలు నా చేతికిచ్చి లోపలికి పోయాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు.

మీటింగులో ఆ అమ్మాయిని తలుపు దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టారు. జిరాక్సు ఆమె ఒళ్లో ఉంది. అధ్యక్షుడు మొదలుపెట్టబోతుంటే నేను లేచి, నా రిపోర్టు తప్పు అన్నాను.

"కంప్యూటర్ తప్పా, నువ్వు తప్పా?" అన్నాడాయన.

"నేనే సార్. అది ఏ ఊరి టైము రాస్తున్నదో చూడకుండ సంతకం పెట్టిన."

"మొన్న ఒక లెక్క చెప్తివి, ఇయ్యాల ఇంకో లెక్క చెప్తున్నవు. రేపు ఇంకోటి తెస్తే? మేం ఏది నమ్మాలె?"

సరైన ప్రశ్నే. నేను దానికి సిద్ధంగా వచ్చాను. టేబుల్ మీద ఫోను పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, తాండూరులో ఉన్న గుమాస్తాను పిలిచాను. "మూడో నంబరుల మీ పాస్‌వర్డుతో ఇప్పుడే లోపలికి పోండ్రి" అన్నాను. గదిలో ఉన్నవాళ్లను తమ తమ ఫోన్లలో టైము చూసి గుర్తు పెట్టుకోమన్నాను. పదకొండూ ఇరవై. "పోయిన సార్" అని గుమాస్తా గొంతు. ముందు పాత పద్ధతిలో కాగితం తెప్పించి ప్రొజెక్టర్‌తో గోడమీద వేశాను. గుమాస్తా పేరు, పదకొండూ ముప్పై ఐదు. ఆ టైము ఇంకా రాలేదు. గదిలో ఒకాయన తన ఫోనును మరోసారి చూసుకున్నాడు. తర్వాత కొత్త స్క్రిప్టు నడిపాను. గుమాస్తా పేరు, పదకొండూ ఇరవై.

మేడమ్ మినిట్స్ రాసుకుంటున్న పుస్తకం మీంచి తలెత్తి నన్ను చూసింది. ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు దొరికిన మెడల్ అదొక్కటే అనుకోండి.

ఫోనులోంచి గుమాస్తా తనంతట తనే, "సాబ్, గడియారం ముందుకు జరిపింది నేను. మిగతోళ్ల తప్పు లేదు" అన్నాడు. నేను అదే స్క్రిప్టుతో ఆ సోమవారం సాయంత్రాన్ని గోడ మీదికి తెచ్చాను. ఆమె పోయింది ఐదూ ఐదు. తర్వాతి వరుస చదవడానికి నోరు తెరిచేలోపే మేనేజర్ లేచాడు.

"చదవకు. గా జాబితా తుడిచింది నేనే. కొత్తోళ్లు నేర్చుకుందురని ప్రాక్టీసు పేర్లు కొన్ని ఎక్కించినం. బండికి టైమైతున్నదని ఉరుకుల మీద వాటిని తీసేద్దామని కూసున్న. ఆ ప్రాక్టీసు జాబితా పట్టీల బంట్వారం కిందనే ఉండె. ఏది నొక్కిననో..." అని ఆగాడు. "పొద్దున మెట్ల మీద కాయితం చూసినంక పోయి తెరిచి చూసిన. ప్రాక్టీసు పేర్లు ఇంక గట్లనే ఉన్నయి."

తర్వాత ఆయన తలుపు వైపు తిరిగాడు. "నేను నీ మీద రాసిన. తప్పయిందమ్మా" అన్నాడు. వయసులో ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు ఆయన మీద గౌరవం అప్పుడు కలిగింది, ఇప్పటికీ ఉంది.

అధ్యక్షుడు ఆమెను ఆ పూటే పనిలోకి తీసుకొమ్మన్నాడు. ఇక గడియారం.

"నేను గూడ ధారూర్ స్టేషన్‌ల బండెక్కి సదువుకున్నోన్నే" అన్నాడాయన. "పొద్దుగాల ఎన్నింటికి దిగుతరు మీరు తాండూరుల?"

"తొమ్మిదిన్నరకు సాబ్. పది దాంక మెట్ల మీద కూసుంటం" అంది ఫోను.

"పావుగంట ముందుగాల తెరువుండ్రి, పావుగంట ముందుగాల మూయుండ్రి. గడియారం మాత్రం మన దేశంలనే ఉండాలె."

అప్పుడు నవ్వారు అందరూ. నేనైతే కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

పిల్లలూ, మీకు చెప్పదలచుకుంది ఇక్కడే చెప్పేస్తాను. ఎన్ని కంప్యూటర్లను అడిగినా, ముందు ఒక్కొక్కదాన్నీ 'నీకు ఇప్పుడు టైమెంత, నువ్వు ఏ ఊళ్లో ఉన్నావనుకుంటున్నావు' అని అడగండి. ఒక్క వరుస స్క్రిప్టు, అంతే. ఆ ఒక్క వరుస నేను రాయలేదు. చిట్టాలో మనిషి పేరు కనబడగానే వేలు పైకి లేస్తుంది, అప్పుడు కాసేపు చేతులు కట్టుకుని కూర్చోండి. రెండోసారి అడిగించిన మనిషి ఎవరైనా ఉంటే, వాళ్లను మరిచిపోకండి.

మీటింగు అయ్యాక నేను ఆమె దగ్గరికి పోయాను. క్షమాపణ చెబుదామని మాటలు కూడదీసుకుంటున్నాను. ఆమె జిరాక్సు విప్పి నా సంతకం మీద వేలు పెట్టింది.

"నేను తుడిచిన అని కాయితం మీద వచ్చింది సార్. తుడవలేదని గూడ కాయితం మీదనే రావాలె. మీ సంతకంతోని. తాండూరుల నన్ను పొమ్మన్న కాడనే సదవాలె."

రాశాను. మేడమ్ నాలుగు చోట్ల దిద్దింది. 'పొరపాటు జరిగినది' అని నేను రాస్తే, కొట్టేసి, 'నేను పొరపాటు చేశాను' అని పెట్టింది. మర్నాడు పొద్దుటి బండిలో తాండూరు పోయాను. ఆఫీసు తలుపు తెరవగానే, ఉన్నవాళ్లందరినీ నిలబెట్టి, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివాను. ఆమె తన కుర్చీ పక్కన నిలబడి వింది. చదవడం పూర్తయింది. ఎంతో తేలిక పడ్డాను. కాగితం మడిచి ఆమె చేతికి ఇవ్వబోయాను.

ఆమె తీసుకోలేదు. గుమ్మం వైపు చూసింది. ఆ పూట ఆటో దొరక్క ఆలస్యమైన ఇద్దరు అప్పుడే చెప్పులు విడుస్తున్నారు.

"వీళ్లు ఇనలేదు సార్" అంది. "ఇంకొకసారి సదువుండ్రి."

రెండోసారి ఇంకా గట్టిగా చదివాను.